సిముటోవే గారి గురువారం పరీక్షలు

ఎన్డోలా ఊళ్ళో లాయరు సిముటోవే గారి దగ్గరికి వెళ్ళిన రోజే సంతకం పెట్టి బయటపడ్డవాడు ఇంతవరకూ పుట్టలేదు. కాగితం మీద ఉన్నదంతా కక్షిదారు తన సొంత మాటల్లో ఆయనకి అప్పజెప్పాలి. ఒక్క షరతు దగ్గర తడబడ్డా పెన్ను లాక్కుని జేబులో పెట్టుకుంటారు. మలావీ నుంచి వచ్చిన కలప వ్యాపారి ఒకాయన అయిదుసార్లు తప్పి, ఆరోసారి కొత్త చొక్కా తొడుక్కుని, చర్చికి వెళ్ళి మొక్కుకుని మరీ వచ్చాడట.

ఈ సంగతులేవీ తెలియకుండానే కపింగా ఆ గుమ్మం ఎక్కింది. సరిహద్దుకి అవతల, కాంగోలోని లుబుంబాషీలో పన్నెండేళ్ళు రొట్టెలు కాల్చిన చెయ్యి ఆమెది. ఎన్డోలాలో సొంత బేకరీ పెడదామని కొట్టు మాట్లాడుకుంది, ఓవెన్‌కి చెప్పింది. పరాయిదేశపు మనిషి కనుక కంపెనీ కాగితాలకి లాయరు కావాల్సి వచ్చింది. అవి రాయడం అయిందని కబురు రాగానే వచ్చింది.

"సంతకం ఎక్కడ పెట్టమంటారు?" అంది కూర్చోకుండానే.

"నాలుగో షరతు ఏం చెబుతోంది?"

"రాసింది మీరు. మీకే తెలియాలి."

"నాకు తెలుసమ్మా. కానీ కంపెనీ నాది కాదుగా!"

కపింగాకి స్వాహిలీ అయితే గలగలా వస్తుంది, కాగితంలోనూ ప్రశ్నల్లోనూ ఉన్న ఇంగ్లీషు మాత్రం బేరమాడేంత వరకే. 'డైరెక్టర్' అంటే దారి చూపించేవాడని చెప్పింది. పెన్ను జేబులోకి వెళ్ళిపోయింది.

"గురువారం రండి."

ఆ గురువారం వాటాలు అమ్ముకునే షరతు దగ్గర పల్టీ కొట్టింది. పై గురువారం భయంతో తన పేరే తప్పు చెప్పింది.

"దిగులుపడకమ్మా," అంది గుమాస్తా మెర్విస్ టీ అందిస్తూ. "నా ఉద్యోగం కాగితం మీద సంతకానికి నాకే రెండు వారాలు పట్టింది."

ఇంతలో ఓవెన్ వచ్చి సరిహద్దులో ఆగింది. కంపెనీ కాగితం చూపిస్తే గాని వదలమన్నారు అక్కడి అధికారులు. కపింగాకి నిద్ర కరువైంది. సరిగ్గా అప్పుడే కబ్విత అనే దళారి తగులుకున్నాడు.

"ఆ ముసలాయనకి పిచ్చి అక్కా! నేను గంటలో చేయించి ఇస్తాను. చదవక్కర్లేదు, సంతకం పడితే చాలు."

వెళ్ళింది. పెన్ను పట్టుకుంది కూడా. కానీ మూడు వారాలు నలిగిన నోరు ఊరుకుంటుందా?

"ఇందులో వాటాల సంగతేమిటి? నీ సొంత మాటల్లో చెప్పు!"

కబ్విత పేజీ తిప్పేయబోయాడు. "అందరికీ ఉండేదే అక్కా..."

కపింగా వేలు పెట్టి ఒక్కొక్క వరసే వెతికింది. తన పేరు పక్కన పది, కబ్విత పేరు పక్కన తొంభై!

"పరాయిదేశం వాళ్ళకి అంతే. అది చట్టం," అన్నాడు.

"ఏ చట్టం? మా లాయరుగారి కాగితంలో నాకు నూటికి నూరు ఉంది. వెళ్ళి ఆయన ముందు నిలబడి చెప్పు ఆ మాట!"

పెన్ను బల్లమీద విసిరేసి లేచింది. తలుపు ధడాలున వేసి బయటికొచ్చింది. అది కబ్విత మీద కోపమో, గంటసేపైనా వాణ్ణి నమ్మిన తన మీద కోపమో ఆమెకే తెలియలేదు. మర్నాడే గురువారం.

సిముటోవే గారు కళ్ళజోడు సర్దుకుని, చిన్న నోటుబుక్కు తెరిచి, గొంతు సవరించుకున్నారు. ఆయన నోట్లోంచి స్వాహిలీ వచ్చింది! నత్తినత్తిగానే అయినా స్వాహిలీయే. కానీ ఆ భాషలో వాటా అంటే హిసా, కోపమంటే హసిరా. ఆయన హిసా అనబోయి హసిరా అనేశారు.

"కంపెనీలో నీ కోపం ఎంత?"

"ఇవాళ నూటికి నూరు!" అంది కపింగా పళ్ళు కొరుకుతూ.

ఆయన నోటుబుక్కు చూసుకున్నారు. "సరిగ్గా చెప్పావు. నూటికి నూరే!"

కపింగాకి ఆపుకోలేనంత నవ్వొచ్చింది. మెర్విస్‌కి ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వింది. ఆ పైన ప్రశ్నలన్నిటికీ కపింగా టకటకా జవాబులు చెప్పేసింది. సొంత భాషలో అడిగితే ఆమెకి తెలియనిది ఒక్కటీ లేదు. పెన్ను చేతికొచ్చింది. సంతకం పెట్టింది.

"ఇదెప్పుడు నేర్చారు ఈయన?" అంది వస్తూ వస్తూ, మెర్విస్ చెవిలో.

"మొదటిసారి నువ్వు తప్పిన రోజునుంచే. 'ఆమె తప్పలేదు మెర్విస్, నేనే తప్పు భాషలో అడిగాను' అన్నారు. మార్కెట్‌లో ఎండు చేపలమ్మే కాంగో ఆవిడ లేదూ, రోజూ సాయంత్రం ఆవిడ దగ్గర పాఠం. ఆవిడేమో చేపలు కొంటేనే మాట చెబుతానంది."

"చేపలంటే ఆయనకి అంత ఇష్టమా?"

"వాసన కూడా పడదు!" అంటూ మెర్విస్ గోడ బీరువా తలుపు తీసింది. పై అర నుంచి కింది అర దాకా, పొట్లాలు పొట్లాలుగా ఎండు చేపలు.

కపింగా ఒక పొట్లం విప్పి వాసన చూసింది. తరువాత ఒక గోనెసంచి అడిగి తీసుకుని, అన్నీ అందులోకి దులిపేసింది.

వారం తిరిగేసరికి ఓవెన్ వచ్చింది. ఆ బేకరీలో మొదట కాలినవి రొట్టెలు కావు, ఆ చేపలు కూరిన బన్నులు. సిముటోవే గారు ముక్కుకి రుమాలు అడ్డంపెట్టుకుని, వీధిలో నిలబడి, దారినపోయే వాళ్ళందరినీ లోపలికి తోలుతున్నారు.

"వెళ్ళండి, తినండి! ఎంత బాగున్నాయో మీ సొంత మాటల్లో చెప్పండి. నాకైతే తెలియదు!"