వీపు చూపించని కోచ్ గారు

ఆ శనివారం నా పనుల పుస్తకంలో ఇలా ఉంది. పొద్దున పది గంటల లోపు అయినవి: మూడు దుప్పట్లు ఉతకడం, చింతపండు గింజ తీయడం, వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి నూరడం. కానిది: పై అంతస్తు కోచ్ గారి తెల్ల ప్యాంటుకు లైనింగ్. ఆ ఒక్కటీ ఏడు వారాలుగా పేజీ నుంచి పేజీకి మారుతూ వస్తోంది.

పదింపావుకి, ఆయన ఫ్లాట్ శుభ్రం చేసే కడప అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. "అక్కా, కోచ్ సారు లెయ్యల్యా. ఎంత పిల్చినా పలకల్యా. చల్లగా ఉండాడక్కా," అంటూ గడపలోనే కూలబడింది.

గల్ఫ్‌లోని మా ఊరు ఫహాహీల్‌లో మన పిల్లలు చాలామంది ఆయన దగ్గరే బ్యాటు పట్టడం నేర్చుకున్నారు. చెరకు తోటల దేశం గయానా నుంచి స్కూల్లో ఆటల మాస్టారుగా వచ్చిన మనిషి. శుక్రవారం ఉదయాలు మా బిల్డింగ్ వెనక ఇసుకలో, మా అమ్మాయితో సహా అందరికీ ఉచితంగా నేర్పేవారు. బంతి తగిలి ఏడిస్తే, "ఏడువు, కానీ బంతి మీంచి కళ్లు తియ్యకు," అనేవారు. ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా నాలుగడుగులు వెనక్కి నడిచాకే తిరిగేవారు. అది మర్యాద అనుకునేదాన్ని.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఆయన ఆ ప్యాంటు తెచ్చిన రోజు అడిగాను. "మందం గుడ్డే కదండీ, దీనికి లైనింగ్ దేనికి?"

నాకు అర్థమయ్యేలా, చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో చెప్పారు. తండ్రి చెరకు కూలి. కాలికి కత్తి తగిలి, పుండు ముదిరి పోయాడు. తల్లి తోట దొరల బట్టలు ఉతికేది. రోజంతా ఆమె చేతుల్లో తెల్ల ప్యాంట్లే, కొడుక్కి మాత్రం ఒక్కటీ లేదు. పద్నాలుగేళ్లప్పుడు జిల్లా జట్టు ఎంపికకు పిలిచారు. తెల్లబట్టలు లేకపోతే మైదానంలోకి రానివ్వరు. ఆమె పిండి బస్తా విప్పి, సున్నం నీళ్లలో నానేసి, బస్తా మీది అచ్చు పోయేదాకా బండకేసి రుద్ది ప్యాంటు కుట్టింది. పోయిందనే అనుకున్నారు. చెమటకు తడిసేసరికి వెనక మిల్లు పేరు తేలింది.

"పిండి బస్తా పరిగెడుతోంది చూడండ్రా!" అన్నారట మిగతావాళ్లు.

ఆ పూటంతా ఆయన కంచెకు వీపు ఆనించి ఫీల్డింగ్ చేశారు. బ్యాటింగ్ అయ్యాక వెనక్కి నడుస్తూ బయటికి వచ్చారు. కంచె అవతల తల్లి నీళ్ల సీసాతో నిలబడి పేరు పెట్టి పిలిచింది. ఈయన పలకలేదు. ఎవరామె అని పక్కవాడు అడిగితే, తెలియదన్నారు.

జట్టులోకి తీసుకున్నారు. కొన్నేళ్లకు గయానా జట్టుకే ఆడారు. అప్పటికి తల్లి లేదు.

"ఆమె నన్నేమీ అనలేదమ్మా. ఇంటికొచ్చాక ఆ ప్యాంటు అడిగి తీసుకుని మళ్లీ రుద్దడం మొదలుపెట్టింది."

ఇంత విని కూడా ఆలస్యం చేశాను. చుట్టాలొచ్చారు, అమ్మాయికి పరీక్షలొచ్చాయి. మెట్ల మీద కనిపిస్తే "వచ్చే వారం" అనేదాన్ని. "తొందరేం లేదమ్మా," అని వెనక్కి నడిచేవారు.

శవాన్ని గయానా పంపడానికి కాగితాలు కావాలి, వాటికి రోజులు పడతాయి. బట్టలు మాత్రం మర్నాడు పన్నెండింటికల్లా మార్చురీకి తెమ్మన్నాడు స్కూలు మనిషి. ఆదివారం పొద్దున్నే ఆ ప్యాంటు ముందేసుకుని, లైనింగ్‌కి కొత్త తెల్ల దిండు గలీబు కత్తిరించి మిషను దగ్గర కూర్చున్నాను.

"ఏమేవ్, పదకొండయింది. పడుకున్న మనిషి వెనక ఎవరు చూస్తారే? అలాగే ఇచ్చెయ్," అన్నారు మా ఆయన.

"ఆయనుండగా ఏడు వారాలు నేనూ ఇలాగే తేలిగ్గా తీసుకున్నానండి."

మా ఆయన కారు తీయడానికి వెళ్లారు.

ఆఖరి కుట్టు తెంచాక కడప అమ్మాయి ప్యాంటును కిటికీలో ఎండకెదురుగా పట్టుకుని, గుడ్డ వెనక చెయ్యి పెట్టింది. "నా చెయ్యి కనపడతాందా అక్కా?"

కనపడలేదు.

బట్టలు తొడిగాక, లోపల పెట్టేముందు మమ్మల్ని ఒకసారి చూడనిచ్చారు. అద్దంలా ఇస్త్రీ చేసిన తెలుపు. తర్వాత ఆయన్ని పడుకోబెట్టిన చక్రాల బండిని లోపలికి లాక్కెళ్లారు. తల ముందు వెళ్లింది, పాదాలు మావైపు ఉన్నాయి. తలుపులు మూసుకునేదాకా కోచ్ గారు ముఖం మావైపే ఉంచి, ఎప్పట్లాగే వెనక్కి నడుస్తున్నట్టు వెళ్లారు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. కోచ్ గారి తెల్ల ప్యాంటు, లైనింగ్: ఇచ్చేశాను. బాకీ లేదు.