రెజిన్‌లో నాయన అతుకు

దెయ్యాలన్నా గాలి సోకడమన్నా మొదటి నుంచీ నాకు చిరాకు. మా ధర్మవరంలో ఎవరైనా తాయెత్తు కట్టిస్తుంటే వాళ్లతో పోట్లాడేదాన్ని. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. రాయకపోతే మనసు కుదురుగా ఉండట్లేదు.

బుక్కరాయసముద్రం దగ్గర ఒక చిన్న ల్యాబులో పని చేస్తాను. లేజర్ తాకిన చోట మాత్రమే గట్టిపడే రెజిన్ అనే ద్రవంతో, కంట్లో పెట్టే సన్నటి గొట్టాలు చేస్తాం. కంట్లో నీటి ఒత్తిడి పెరిగినవాళ్లకు ఆ నీరు బయటికి పోవడానికి అవి. గొట్టం చివర వెంట్రుక కన్నా సన్నటి పోగులతో జల్లెడ ఉంటుంది. మైక్రోస్కోపులో తప్ప కనబడదు.

మా నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆ జబ్బుతోనే ఒక కన్ను పోయి మగ్గం దిగాడు. రెండోది మసకబారుతోంది. మందులు పనిచేయలేదు, మామూలు ఆపరేషనూ నిలవలేదు. మా గొట్టం పరీక్షల్లో నెగ్గితే, మొదటగా ఎవరికి పెట్టాలో ఎంచేటప్పుడు నాయననూ చూస్తామని డాక్టర్లు అన్నారు. నాకు అదొక్కటే ఆశ.

కానీ పరీక్షకు నీళ్లు వదిలిన ప్రతిసారీ జల్లెడ ఒకే మూల తెగేది. డిజైను మార్చినా, లేజర్ తగ్గించినా అంతే. ఏడుపొచ్చేది.

ఒక మధ్యాహ్నం చేసిన గొట్టం మాత్రం తెగలేదు. మైక్రోస్కోపులో చూస్తే, ఆ మూల రెండు పోగులు మెలిపడి ఉన్నాయి. డిజైనులో అవి నేరుగా కలవాలి. ఆ మెలిక నేను చిన్నప్పటి నుంచీ చూసిందే. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల, చివరకు కొత్త పడుగు అతికేటప్పుడు, నేతగాళ్లు వేళ్లకు బూడిద అద్దుకుని పోగూ పోగూ మెలిపెడతారు. నాయన మెలిక ఎడమకు తిరుగుతుంది. మా వీధిలో ఇంకెవరిదీ అట్లా ఉండదు. ఇదీ ఎడమకే తిరిగి ఉంది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయన ఏందో మాదిరి ఉండాడు పాపా. మధ్యాన్నం బూడిద అడిగి తీసుకున్యాడు. మగ్గం లేదు, పోగు లేదు, ఉత్త గాల్లో అతుకుతా కూచున్యాడు. నాకు బయమైతాండాది."

జల్లెడ తెగుతోందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను.

అదే ఫైలుతో మళ్లీ మళ్లీ చేశాం. మెలిక రాలేదు. నేనే మెలిక గీసి చేస్తే అదీ తెగింది. తెగని ఆ ఒక్కదాన్ని నమ్మి మనిషి కంట్లో పెట్టలేమన్నారు డాక్టర్లు. మేము తంటాలు పడుతుండగానే నాయన రెండో కన్నూ పోయింది.

రెజిన్‌లో ఏదైనా నలుసు పడిందా, మిషన్ అదిరిందా అని ఇప్పటికీ వెతుకుతున్నాను. ఏమీ దొరకలేదు.

మొన్న ఇంటికి పోతే, అడుగుల చప్పుడు విని నాయన నా వైపు తిరిగాడు.

"ఆ పొద్దు నేనతికింది నిలిచిందా పాపా?"

నిలిచింది నాయనా అన్నాను.

"అయితే ఇంకోటి అతకాల్నా?"

పెరట్లో నీళ్ల పొయ్యి దగ్గరికి పోయి, బూడిద తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఎందుకు తెచ్చానో అదీ నాకు తెలియదు.