చెప్పులు గుండ్రంగా పేర్చిన రోజు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, దేన్నయినా జాబితాగా రాసుకుంటే చాలు అర్థమైపోతుందని నాకు గట్టి నమ్మకం. (ఆ రోజుల్లో నాకు నమ్మకాలకు కొరత లేదు. కొరతంతా యూరియాకే.) ఆ ఉదయం ఆర్మూరులో ఎరువుల దుకాణం ముందు ఉన్నవి ఇవి: మూసిన షట్టరు, దాని ముందు రైతుల బదులు వరుసలో నిలబడ్డ ముప్పై జతల చెప్పులు, ఎదుటి హోటల్ నీడలో చాయ్ తాగుతున్న వాటి యజమానులు, మా చిన్నాయన, ఒళ్ళో ల్యాప్‌టాప్‌తో నేను. పసుపు చేనుకు యూరియా తెమ్మని నాన్న మా ఇద్దరినీ పంపాడు. నా గండం మాత్రం వేరు. డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ముక్క ఒకటి మధ్యమధ్య మొరాయిస్తోంది. "సాయంత్రంలోగా సరిచేయకపోతే నీ ఉద్యోగం పర్మనెంట్ చేయమని పైవాళ్లకు చెప్పలేను" అని పొద్దున్నే మా మేనేజర్ ఫోన్ చేశాడు. (దాన్ని మొదట రాసింది ఆయనే. ఆ సంగతి మా టీమ్‌లో ఎవరూ పైకి అనేవారు కాదు.)

"గంత ఫికరెందుకు, ఏం ఖరాబైందిరా?" అన్నాడు చిన్నాయన. లేని నెట్‌వర్క్ కార్డును ఉన్నట్టు కంప్యూటర్‌ను నమ్మించే సాఫ్ట్‌వేర్ అని చెప్పాను. "లేని మిషన్‌ను రిపేర్ జేస్తున్నవా? మరి జీతమన్న ఉన్నదిస్తున్నరా, గదీ గట్లనేనా?" ఆ మాట తట్టుకోలేక చెప్పుల దగ్గరికి నడిచాను. "గివి పంపాల్సిన మెసేజులనుకో చిన్నాయనా. మా కార్డుల వరుస గుండ్రంగ ఉంటది" అంటూ ముప్పై జతలనూ చక్కటి వలయంగా పేర్చాను. "వరుస నిండితే మొదలు, చివర ఒక్క తాన కలుస్తయి. ఖాళీగున్నా గంతే. నిండినదాన్ని ఖాళీ అనుకొని డ్రైవర్ పని బంద్ జేస్తది."

"మస్తు సమజైంది. ఇప్పుడు గిండ్ల మనయి ఎన్నో నంబరు?" అన్నాడు చిన్నాయన. సరిగ్గా అప్పుడే షట్టరు లేచింది.

రైతులంతా పరుగెత్తుకొచ్చి వలయం చుట్టూ ఆగిపోయారు. ప్రతివాడి ముందూ ఒకడున్నాడు, ప్రతివాడి వెనకా ఒకడున్నాడు. "కోడి కూయకముందే పెట్టిన, నాదే ఫస్టు!" అన్నాడు కమ్మర్‌పల్లి రైతు. "మరి నీ ముంగట నా చెప్పులెందుకున్నయే?" అన్నాడు మెండోర రైతు. "ఎవ్వడురా గీడ ముగ్గేసింది?" అని ఎవరో అరిచారు. చిన్నాయన క్షణం కూడా ఆలోచించకుండా నన్ను చూపించాడు.

కమ్మర్‌పల్లి రైతు తన జతను లాక్కొని, ఒక చెప్పు పైకెత్తి నా మీదికొచ్చాడు. ఆయన భుజం మీదుగా నాకు వలయంలో ఒక ఖాళీ కనిపించింది. దానికి ఇటు మొదలు, అటు చివర! "ఒక్క జాగ ఎప్పుడూ ఖాళీ ఇడువాలె!" అని ఆనందంతో అరిచాను. "ముందుగాల నీ పండ్లల్ల ఇడుస్త ఖాళీ!" అన్నాడాయన.

ఆ ఖాళీ నుంచే లెక్కపెట్టి రైతులు మళ్ళీ వరుస కట్టుకున్నారు. మా జతను మాత్రం ఏకగ్రీవంగా చివరికి విసిరారు. నేను హోటల్ బల్ల మీదే కోడ్ మార్చి పంపాను: ఒక్క గడి మిగిలిందంటే వరుస నిండినట్టే. ఉద్యోగం పర్మనెంటయింది. 'డ్రైవర్‌ను మరింత పటిష్ఠం చేశాను' అని మేనేజర్ అందరికీ మెయిల్ పెట్టుకున్నాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లు "ఆ గడి ఎందుకు వృథాగా వదిలేశారన్నా?" అని అడుగుతుంటారు. లోతైన ఆలోచన అని చెప్పి, చెంప తడుముకుని నవ్వుకుంటాను.

ఆ రోజు మా చేనుకు దక్కిన యూరియా బస్తాలు: సున్నా.