రాక్షసుడి ఒళ్ళో నీళ్ళసీసా

పదో తరగతి మధ్యలో బడి మానేసిన ఫిర్దౌస్‌కి మనుషులతో మాట్లాడటం కన్నా బొమ్మతో తిరగడమే సుఖం. కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్న జానెడు రబ్బరు రాక్షసుడు అది. మూడు కొమ్ములు, పచ్చటి ఒళ్ళు, వేలాడే నాలుక, ఎటు కావాలంటే అటు వంగే చేతులు. ఫోన్‌ను నేలకు ఆనించి ఫొటో తీస్తే నరసరావుపేట బస్టాండులో బస్సును నాకుతున్నట్టు, రైలు గేటు మీద గడ్డం పెట్టి కునుకు తీస్తున్నట్టు పడేవాడు. ఆ ఫొటోలు వీధివాళ్ళ గ్రూపులో పెట్టేది. అందరూ నవ్వుతుంటే తను మాత్రం తలుపు వెనకే ఉండేది.

వాళ్ళమ్మ హజ్రా బీకి వీధి మొగలో పునుగుల బండి ఉంది. ఇద్దరి పొట్టా దాని మీదే. బండికి పది గజాల్లో, శేషారత్నమ్మ ఫంక్షన్ హాలు వెనక మురికి కాలువ. పెళ్ళయిన ప్రతిసారీ ఎంగిలి విస్తళ్ళు, పులిసిన సాంబారు, నమిలి ఉమ్మిన ఎముకలు అందులోకే. మూడో రోజుకి అన్నం మీద బూజు లేచి, తెల్ల పురుగులు మెసిలేవి. ఆ కంపు ముక్కులోంచి గొంతులోకి దిగి, ఇంట్లో ముద్ద ఎత్తినా అదే రుచి తగిలేది.

ఒక పొద్దున ఫిర్దౌస్ చున్నీ ముక్కుకి కట్టుకుని, రాక్షసుణ్ణి ఆ కుప్ప నడుమ ఎంగిలి విస్తరి ముందు కూర్చోబెట్టింది. "మావాడు పెళ్ళిభోజనానికొచ్చాడు" అని రాసి ఫొటో పెట్టింది. వీధంతా నవ్వింది. ఫొటో మూలన తమ బండి పడిందని ఆమె చూసుకోలేదు.

మర్నాడు బండి దగ్గరకి ఒక్కరూ రాలేదు. రోజూ మొదటి వాయి తినే ఆటో చిన్నకోటయ్య కూడా దూరంగానే ఆగాడు.

"ఏంది కోటయ్యా, రావేంది?" అంది హజ్రా బీ.

"ఏమనుకోమాక అక్కా. ఆ పొటో చూసినకాడ్నుంచి పునుగంటేనే నోట్లో పురుగు కదుల్తన్నట్టుంది."

హాలు గుమ్మంలోంచి శేషారత్నమ్మ అందుకుంది. "చూశారా! ఆ చెత్తంతా ఈ బండిదే. ఎల్లుండికల్లా దీన్ని తీయించకపోతే చూడండి."

ఆ రోజు పిండంతా పులిసి పారబోయాల్సి వచ్చింది. హజ్రా బీ కూతుర్ని తిట్టలేదు. "ఆ దెయ్యాన్ని పారెయ్యవే" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే ఫిర్దౌస్ దాన్ని తీసుకుని మళ్ళీ కాలువ దగ్గరకే వెళ్ళింది. పెళ్ళిలో పంచిన చిన్న నీళ్ళసీసాలు కుప్పలో కనపడుతున్నాయి. వాటికి అంటించిన కాగితాల మీద పైన వధూవరుల పేర్లు, కింద హాలు పేరు. వాంతి ఆపుకుంటూ ఒకటి లాగింది. వేళ్ళ సందున పురుగు పాకింది. దులుపుకుని, సీసాను రాక్షసుడి ఒళ్ళో పెట్టింది. పెళ్ళికూతురు కవిత వెనక వీధి పిల్లే. ఆమె చేసిన తప్పేముంది? రాక్షసుడి చేతిని వధూవరుల పేర్ల మీదకి వంచి, హాలు పేరొక్కటే కనపడేట్టు ఫొటో తీసింది. ఈసారి మూలన బండి పడలేదని రెండుసార్లు చూసుకుని గ్రూపులో పెట్టింది.

మధ్యాహ్నానికల్లా హాలువాళ్ళు పిలిపించిన ట్రాక్టరొచ్చి కుప్ప ఎత్తుకుపోయింది. సాయంత్రం శేషారత్నమ్మే బండి దగ్గరకొచ్చి, నలుగురూ చూస్తుండగా పొట్లం కట్టించుకుని అక్కడే తినసాగింది.

"ఏమే పిల్లా, నీకు నోట్లో నాలుక లేదనుకున్నానే. నీ బొమ్మకి మూరెడుందే!"

బండి వెనక నిలబడ్డ ఫిర్దౌస్ తల ఎత్తకుండానే అంది. "ఎల్లుండి ఇంకో పెళ్ళుందంటగా పిన్నీ. మావాడు మళ్ళీ వస్తాడు."

చిన్నకోటయ్య పగలబడి నవ్వుతూ దగ్గరకొచ్చాడు. "నాకూ ఒక వాయి ఎయ్యి అక్కా!" అతని వెనక ఇంకో ఇద్దరు. హజ్రా బీ మొహం వెలిగింది.

ఫిర్దౌస్ మాత్రం శేషారత్నమ్మ గడ్డం మీద కారుతున్న నూనెనే చూస్తోంది. నిన్న అంత అబద్ధమాడిన నోరే ఇవాళ తమ పునుగుల్ని చప్పరిస్తోంది. ఇంటి పెరట్లోకి వెళ్ళి రాక్షసుణ్ణి మూడోసారి సబ్బుతో తోమింది. కంపు ఇంకా వస్తూనే ఉంది, బొమ్మదో తన చేతులదో.