కారు వెనక పోసిన నీళ్ళు

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి గ్రీకు ఆవిడ పోయింది. వంటింటి కిటికీలోంచి చూస్తే వాళ్ళ పెద్దబ్బాయి వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఆఫీసు బట్టలు, కాళ్ళకి చెప్పులు లేవు. ఆ కాళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది. స్టవ్వు కట్టేశానో లేదో అని వీధి మలుపు దాకా వెళ్ళి కూడా వెనక్కి వచ్చి చూసుకునే మనిషిని నేను. ఆ రోజు పాలు పొయ్యి మీదే వదిలేసి బయటికి వచ్చేశాను. మా అమ్మాయి చూసి కట్టేసింది.

తెలుగావిడ కాదు కదా, ఆవిడ గురించి మన పత్రికలో ఎందుకు అని ఎవరైనా అనుకుంటారేమోనని ఇది రాస్తుంటే భయంగానే ఉంది. కానీ డెబ్బైల చివర నేను అమెరికాలో ఈ క్యారీ ఊరికి వచ్చిన కొత్తలో మనవాళ్ళ మొహం చూడాలంటే కారెక్కి చాలా దూరం వెళ్ళాలి. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి, మనవరాలు స్కూలుకి వెళ్ళిపోతే వీధిలో మిగిలేది ఆవిడా నేనూ. ఇద్దరం భర్తలు పోయినవాళ్ళం. ఆవిడ నల్లగౌను తప్ప వేసుకునేది కాదు. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి చాలేది కాదు. అయినా రోజంతా మాట్లాడుకునేవాళ్ళం.

మా మనవరాలు కొత్త గౌను వేసుకుని కనిపిస్తే దాని మీద 'ఫ్తూ ఫ్తూ ఫ్తూ' అని ఉత్తుత్తి ఉమ్ము వేసేది. "అమ్మమ్మా, షీ ఈజ్ స్పిటింగ్!" అని అది పరిగెత్తుకొచ్చింది. "దిష్టి తీస్తోందే పిచ్చిదానా, మళ్ళీ వెళ్ళి నిలబడు" అన్నాను. మనం తులసి పెట్టుకున్నట్టు ఆవిడ మెట్ల పక్కన కుండీలో తులసిలాంటి మొక్కనే పెంచేది. అందుకే ఆవిడ నాకు పరాయిమనిషి అనిపించలేదు.

మా అల్లుడి ఆఫీసు స్నేహితుడు ఒకాయన తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో వాళ్ళంతా కలిసి గ్రీసులో పడవ అద్దెకి తీసుకుని, వారం రోజులు దీవుల మధ్య తిరగాలనుకున్నారు. నన్ను ఒంటరిగా వదలలేక నన్నూ రమ్మన్నారు.

"నీళ్ళ మీద వారం రోజులా? బోల్తా పడితే?"

"లైఫ్ జాకెట్లు ఉంటాయమ్మా. నువ్వు ఊరికే టెన్షన్ పడకు."

"ఆ జాకెట్టు చీర మీద ఎలా వేసుకుంటారే?"

అల్లుడు కల్పించుకున్నాడు. "అత్తయ్యగారూ, అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు. ఏ ప్రాబ్లమ్ వచ్చినా అడగొచ్చు."

"వాళ్ళకి వచ్చు బాబూ. నాకు రాదుగా."

దానికి జవాబు పక్కింటావిడ దగ్గర దొరికింది. ఆవిడ పుట్టింది ఒక దీవిలో. తండ్రికి పడవ ఉండేది. చిన్నప్పుడు ఆ పడవ తెరచాపలకి మాసికలు వేసిన చేతులవి. నా గోడంతా విని, ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చి మా రెండిళ్ళ మధ్య ఉన్న బట్టల తాడు మీద ఆరేసింది. "ఇదే పడవ. ఎక్కు" అంది.

గాలికి దుప్పటి ఉబ్బితే 'పనీ' అంది. గుడ్డకీ తెరచాపకీ వాళ్ళకి ఒకటే మాట. తాడు పట్టుకుని 'స్కినీ' అంది. రేవెక్కడ అని అడగాలంటే 'పూ ఇనే తో లిమానీ'. నీళ్ళు 'నెరో'. మెల్లగా అంటే 'సిగా సిగా'. ఒక ఇటుకకి తాడు కట్టి నా చేతికిచ్చి, "రీక్సే తిన్ ఆంగిరా!" అని కేక పెట్టింది. లంగరు వెయ్యి అని. నేను హడిలిపోయి వేస్తే అది ఆవిడ బంతి మొక్కల మీద పడింది. "లంగరు అలాగే పడాలి. పూల సంగతి తరవాత" అంది. రీక్సే అంటే వెయ్యి, విసురు. ఆ మాట నాకు ఇటుక బరువుతో సహా గుర్తుండిపోయింది. కాగితం మీద రాసుకుని నేర్చుకునేంత చదువు నాకు లేదు. ఆవిడకీ లేదు. మాట తప్పు పలికితే చూపుడువేలితో నా మణికట్టు మీద టక్కున కొట్టేది. ఒత్తు ఎక్కడ పడాలో అక్కడే.

"ఇవన్నీ సరే. కాపాడండి అని ఎలా అరవాలి? ముందు అది చెప్పు" అని రోజూ అడిగేదాన్ని.

"ముందు కలిమేరా నేర్చుకో. పొద్దున్నే కలిమేరా అని పలకరించినవాళ్ళని మధ్యాహ్నం ఎవరూ మునిగిపోనివ్వరు" అనేది. 'వోయిథియా' అన్న ఆ కేకని ఆఖరి రోజున చెప్పింది. అదీ గట్టిగా అంటే నిజమవుతుందేమోనన్నట్టు నా చెవిలో. ఇంత పిరికిదాన్నని నేను సిగ్గుపడితే, "పిరికివాళ్ళే ముడి గట్టిగా వేస్తారు. మా నాన్న పిరికివాడు. అందుకే ముసలివాడై మంచం మీద పోయాడు" అంది.

మేము బయల్దేరిన రోజు సామాను కారులో పెట్టి, వాకిట్లోంచి రోడ్డు మీదికి దిగుతున్నాం. ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ మగ్గుతో నీళ్ళు తెచ్చి మా కారు వెనక ధారగా పోస్తోంది. మన ఇళ్ళల్లో ఎవరైనా ఊరికి బయల్దేరితే వాళ్ళు క్షేమంగా చేరేదాకా ఇల్లు కడగం, వాకిట్లో నీళ్ళు పొయ్యం. మనిషి వెళ్ళిన వెనకనే నీళ్ళు పోసేది శవం లేచిన ఇంట్లో.

"కారు ఆపండి! ఆవిడ నీళ్ళు పోసింది!"

"పోస్తే ఏమైంది అత్తయ్యగారూ? ఫ్లైట్ మిస్సవుతాం."

ఆ వారమంతా సముద్రం నేను చూడలేదనే చెప్పాలి. అందరినీ కళ్ళతో లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. మనవరాలి నడుముకీ నా నడుముకీ కలిపి చీరకొంగు ముడి వేసుకుని కూర్చున్నాను. ఒకరోజు అలలకి పిల్ల కడుపులోది కడుపులో ఉండకుండా కక్కేసి వడిలిపోయింది. రేవు చేరగానే దాన్ని ఎత్తుకుని కనిపించిన మొదటి కొట్లోకి వెళ్ళాను. కొట్లో ఉన్న ముసలామెకి ముందు 'కలిమేరా' చెప్పాను. తరవాత 'నెరో' అన్నాను. ఆమె నీళ్ళిచ్చి, నిమ్మకాయ కోసి పిల్ల ముక్కు దగ్గర పెట్టి, కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టింది. నా మణికట్టు మీద ఎవరో వేలితో కొట్టినట్టే అనిపించింది.

ఇంటికి తిరిగి రాగానే కారు దిగి, సామాను కూడా దించకుండా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళాను.

"మా వెనక నీళ్ళెందుకు పోశావు?"

"పోశాను కాబట్టేగా వచ్చావు!" అని పకపకా నవ్వింది. మనిషి నీళ్ళలా అడ్డు లేకుండా వెళ్ళాలి, నీళ్ళలా తిరిగి రావాలి, అందుకు పోస్తారట వాళ్ళ దీవిలో. మా వైపు ఎందుకు పోస్తారో నేను చెప్పాను. ఆవిడ నవ్వు ఆపేసి గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

అప్పటినుంచీ ఒక అలవాటు చేసుకుంది. మేము ఏ ఊరికి బయల్దేరినా మెట్ల మీద నిలబడి మగ్గు పైకెత్తి చూపించేది, పొయ్యనా అన్నట్టు. నేను కారులోంచి వద్దని చెయ్యి ఊపేదాన్ని. అప్పుడా నీళ్ళు తన తులసి కుండీలో పోసేది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడక్కుండా పొయ్యలేదు. నేనూ ఒక్కసారి కూడా సరే అనలేదు.

ఈ ఏడు వేసవి చివర ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది. దానితోపాటు ఇంగ్లీషూ పోయింది. ఇన్నేళ్ళు మాట్లాడిన భాష పలక తుడిచినట్టు పోయి, పుట్టినప్పటి గ్రీకు ఒక్కటే మిగిలింది. స్కూల్లో వెనకబడతారని ఆవిడా వాళ్ళాయనా కొడుకులిద్దరితో చిన్నప్పటినుంచీ వచ్చీరాని ఇంగ్లీషే మాట్లాడారట. ఆ పిల్లలకి గ్రీకులో తిండి పేర్లూ నాలుగు తిట్లూ తప్ప రావు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక, ఆ వీధిలో అంతో ఇంతో గ్రీకు వచ్చిన మనిషిని నేనే అయ్యాను. నాకు వచ్చిందేమిటి? రేవెక్కడ, తాడు కట్టు, లంగరు వెయ్యి.

అయినా రోజూ వెళ్ళి మంచం పక్కన కూర్చుని, నేర్పిన వరసలోనే అన్నీ అప్పజెప్పేదాన్ని. తప్పు పలికితే ఎడమచేతి వేలు లేచి నా మణికట్టు మీద పడేది. దెబ్బకి బలం లేదు కానీ పడాల్సిన చోటే పడేది.

ఒకరోజు వాళ్ళ పెద్దబ్బాయి ఏడుపుమొహంతో గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"నిన్నటినుంచీ నీళ్ళు నీళ్ళంటోంది. ఇస్తే గ్లాసు తోసేస్తోంది. మా అమ్మ అడిగేదేదో నాకు తెలియట్లేదు. మీకేమైనా తెలుస్తుందేమో చూడండి."

నేను వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ నా వైపు చూసి, "రీక్సే నెరో" అంది. లంగరు వేసినప్పటి మాటే. నీళ్ళు వెయ్యి అంటోంది. ఎక్కడ వెయ్యను? ఆవిడ కిటికీలోంచి వాకిట్లోకి, కారు వైపుకి చూసింది. ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి, వేళ్ళు మగ్గు పట్టుకున్నట్టు ముడిచింది. మెట్ల మీద నిలబడి నన్ను అడిగేదే, అలాగే.

తను వెళ్ళిపోతానని ఆవిడకి తెలుసు. తన వెనక పొయ్యమంటోంది. సరే అంటే నా నోటితో నేనే పంపించినట్టవుతుందేమో! కాదంటే, ఇంకెవరిని అడుగుతుంది? అన్నేళ్ళూ వద్దని ఊపిన చెయ్యి ఆవిడ చేతి మీద వేసి, తల ఊపాను. "ఎన్‌దాక్సీ" అన్నాను. సరేనని. ఆ సాయంత్రం కొడుకు ఇచ్చిన నీళ్ళు తాగింది. మళ్ళీ నెరో అనలేదు.

మంగళవారం మధ్యాహ్నం పొడుగాటి నల్లకారు వచ్చి ఆవిడని తీసుకువెళ్ళింది. నేను ఇంట్లోంచి పూజ చెంబు నిండా నీళ్ళు తెచ్చి నిలబడ్డాను. తొణికి సగం చీర మీదే పడ్డాయి. ఎవరేమనుకుంటారోనని అటూ ఇటూ చూశాను. చిన్నకొడుకు ఏదో అనబోతే పెద్దబ్బాయి వాడి భుజం పట్టుకున్నాడు. కారు కదిలింది. పోశాను. మా వైపు లెక్కన పోశానో, వాళ్ళ దీవి లెక్కన పోశానో నాకే తెలియదు.

వాళ్ళ వాకిలి రోడ్డు వైపు పల్లంగా ఉంటుంది. నీళ్ళు ముందు బొట్టుబొట్టుగా ఆగి, తరవాత ఒక్కటై సన్నని ధారగా, కారు చక్రాల గుర్తుల మధ్యనించి దిగువకి వెళ్ళాయి. కారు మలుపు తిరిగిపోయింది. ధార మాత్రం తొందరేమీ లేనట్టు, సిగా సిగా, రోడ్డు అంచు దాకా వెళ్ళి ఆ వైపుకే తిరిగింది.