ముద్రమ్మ సాక్ష్యం

మా కార్పొరేషన్ ఆఫీసులో మూడో కిటికీ దగ్గర ఇరవై రెండేళ్లు కూర్చున్న ఆవిడని అందరూ ముద్రమ్మ అనేవారు. జనం తెచ్చే అర్జీలు తీసుకుని, తేదీ ముద్ర కొట్టి, రిజిస్టర్‌లో నంబరు వేసి, రసీదు చింపి ఇవ్వడం ఆవిడ పని. పక్క బల్ల దగ్గర నేను ఆ కాగితాలని ఏ సెక్షన్‌వి ఆ సెక్షన్‌కి వేరు చేసేవాణ్ణి. పదకొండేళ్లు ఆవిడని అక్కా అని పిలిచాను. పిలవడానికేం, నోటితో పనే కదా.

ప్రతి అర్జీనీ చదవడం ఆవిడ అలవాటు. క్యూ గేటు దాటినా సరే, చదివేది. సూపరింటెండెంటు విసుక్కుంటే, "చదవకుండా తీసుకోవడానికి గోడకో పెట్టె తగిలిస్తే సరిపోతుంది కదండీ, నాకు జీతమెందుకు?" అనేది. అర్జీలో తిట్లుంటే కొట్టేయించేది. తిట్టు రాస్తే తిట్టుకే జవాబొస్తుంది, పని జరగదని నచ్చజెప్పేది.

దర్జీ మొదటిసారి ఎండాకాలంలో వచ్చాడు. బస్టాండు ముందు రోడ్డు దాటడానికి ఒక ఇనప నడక వంతెన ఉండేది. దాని మెట్ల కింద నీడలో కుట్టు మిషను వేసుకుని బతుకుతున్న మనిషి. కుడుతున్న బట్టల మీద పైనుంచి తుప్పు రాలుతోందని అర్జీ రాసి, నమ్మరేమోనని కాస్త తుప్పు పొట్లం కట్టుకొచ్చాడు. ముద్రమ్మ పొట్లం విప్పి చూసి, ముక్కుపొడి అనుకుని మా సూపరింటెండెంటు పీల్చేస్తాడు, జాగ్రత్త నాయనా అని నవ్వింది.

రెండు నెలలకి మళ్లీ వచ్చాడు. ఈసారి పొట్లంలో బొటనవేలంత బోల్టు. మనుషులు నడుస్తుంటే వంతెన మధ్యలో ఊగుతోందని రాశాడు. ఆవిడ నవ్వలేదు. ఇంకో నెలకి నలభై సంతకాలు చేయించుకుని మూడోసారి వచ్చాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందమ్మా. మీరైనా పైన ఒక మాట చెప్పండి" అన్నాడు.

కిటికీ దగ్గర గుమస్తా పైఅంతస్తుకి వెళ్లే ఆనవాయితీ మాకు లేదు. ఆ రోజు ఆవిడ వెళ్లింది. అర్జీనీ బోల్టునీ తీసుకెళ్లి ఇంజనీరు చేతికిచ్చి, ముట్టినట్టు తపాలా పుస్తకంలో ఆయన గుమస్తా చేత సంతకం పెట్టించుకుని మరీ దిగింది. ఇంజనీరు ఏమన్నాడో నాకు చెప్పింది. వంతెన కట్టింది ఒక ప్రకటనల కంపెనీ అట. దానికి బోర్డులు తగిలించుకుని, అందుకు బదులుగా మరమ్మతులు చూసుకోవాలని ఒప్పందమట. ఆ ఒప్పందం గడువు ఎప్పుడో తీరిపోయింది. బోర్డులు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఇప్పుడది ఎవరిదీ కాదటయ్యా" అంది. "కూలితే తేలుతుందేమో ఎవరిదో."

వానలు మొదలైన మూడో వారం, సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి వంతెన మధ్యకి విరిగి మెట్లతో సహా పడింది. పైన నడుస్తున్న ఇద్దరు పోయారు. కింద మిషను ముందు కూర్చున్న దర్జీ పోయాడు. అంత తెలిసినవాడు అక్కణ్ణుంచి ఎందుకు లేవలేదని టీవీలో ఒక పెద్దమనిషి అడిగాడు. లేచి ఎక్కడికి పోతాడు? అతని గిరాకీ అంతా ఆ మెట్లు దిగి వచ్చేదే.

వంతెన గురించి ముందుగా ఒక్క ఫిర్యాదు కూడా అందలేదని మర్నాడు కమిషనరు ప్రకటించాడు. ఆ మాటని నిజం చేసే పని మా సెక్షన్ మీద పడింది. సూపరింటెండెంటు కొత్త రిజిస్టర్ తెప్పించి, తలుపు గడియ పెట్టించి, ఆ ఏడాది నమోదులన్నీ తిరగరాయించాడు. ముగ్గురం రాశాం. నంబర్లు ఖాళీగా వదిలితే పట్టుబడతామని, దర్జీ అర్జీల చోట ఒకదానికి కుక్కల బెడద, ఒకదానికి వెలగని వీధిదీపం, ఇంకోదానికి కరెంటు తీగకి తగులుతున్న చెట్టు కొమ్మ అని నింపారు. చేతిరాత కుదురుగా ఉంటుందని ఆ మూడు పద్దులూ నాకే అప్పగించారు. కుదురుగానే రాశాను.

ముద్రమ్మ దాని మీద సంతకం పెట్టనంది. జనానికిచ్చిన నంబరు జనానిదేనని, మార్చే హక్కు తనకి లేదని చెప్పింది. సూపరింటెండెంటు బతిమాలాడు, బెదిరించాడు. ఆఖరికి ఆవిడ పొట్టి సంతకం కూడా మాలో ఒకడు గీసేశాడు.

పదకొండో రోజున దర్జీ భార్య కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో మూడు రసీదులు. ఆ అర్జీల నకళ్లు కావాలంది. సూపరింటెండెంటు లేచి వచ్చి, రికార్డులో అలాంటివేవీ లేవనీ, ఈ రసీదులు ఎవరో దొంగముద్రతో చేసినట్టున్నాయనీ, పోలీసు కేసవుతుంది జాగ్రత్తనీ మెత్తగా చెప్పాడు. ఆమె భయపడి రసీదులు వెనక్కి తీసుకోబోయింది. ముద్రమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈ ముద్ర కొట్టింది నేనేనమ్మా. ఈ సంతకం నాదే. మూడో అర్జీ నా చేత్తోనే పైన ఇంజనీరుగారికి ఇచ్చాను."

అదే మాట తెల్లకాగితం మీద రాసి, కింద పేరు పెట్టి, తేదీ ముద్ర కొట్టి ఆమె చేతికిచ్చింది.

ఆ కాగితమే ఆవిడ మెడకి చుట్టుకుంది. అర్జీలు అందాయని గుమస్తాయే ఒప్పుకుంది, రిజిస్టర్‌లో మాత్రం లేవు, కాబట్టి తీసుకుని ఎక్కించకుండా తొక్కిపెట్టింది ఆవిడే అని విచారణాధికారి తేల్చాడు. తపాలా పుస్తకం ఏదని అడిగితే వానకి తడిసి పాడైందన్నారు. నన్ను పిలిచి, ఆవిడ పైకి వెళ్లడం చూశావా అని అడిగారు. గమనించలేదండీ అన్నాను. ఆవిడ అదే గదిలో, నాకు రెండు కుర్చీల అవతల కూర్చుని ఉంది. నా వంక చూడలేదు.

మూడు ప్రాణాలు పోయినందుకు ఒక్క ముద్రమ్మ ఉద్యోగం పోయింది. ఇంజనీరుకి పదోన్నతి వచ్చింది. ఆవిడ భర్త వర్క్‌షాపులో మెకానిక్కు, సరదా మనిషి. ఊరడించబోయి, "ఇన్నేళ్లూ అందరికీ నువ్వు ముద్ర వేశావు, ఇప్పుడు నీకు వేశారు" అన్నాడట. ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

దర్జీ భార్య కోర్టుకెళ్లింది. ముద్రమ్మే ముఖ్యసాక్షి. సాక్ష్యం చెప్పాల్సిన రోజు ఇద్దరూ కోర్టు వరండాలో కూర్చుని ఉండగా ఏం జరిగిందో ఆవిడ భర్త నాకు తర్వాత చెప్పాడు.

"మీరు అన్నీ చదివేవారట కదా" అని దర్జీ భార్య అడిగింది. "మరి మీరు ఆ వంతెన ఎక్కేవారా?"

ముద్రమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా. బోల్టు చూసిన రోజునుంచి కిందే రోడ్డు దాటేదాన్ని."

"ఆ మాట ఆయనతో అన్నారా?"

"అనలేదు."

ఆవిడొక్కతే కాదు. మా సెక్షన్‌లో ఎవరమూ ఎక్కేవాళ్లం కాదు. బోల్టు సంగతి అందరికీ తెలుసు. పొద్దున్నే బస్సు దిగి, చెయ్యెత్తి లారీలని ఆపుకుంటూ రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తేవాళ్లం. సూపరింటెండెంటూ అంతే, బొజ్జ పట్టుకుని మరీ పరిగెత్తేవాడు. పైన జనం నడుస్తూనే ఉండేవారు. వాళ్లకి చెప్పాలని ఏ ఒక్కరికీ తోచలేదు. తోచలేదంటే అబద్ధం. మన పని కాదులే అనుకున్నాం.

దర్జీ భార్య లేచి కుళాయి దగ్గరికెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. "లోపల ఇది కూడా చెప్పండి" అంది. "మీకు చెడ్డపేరొచ్చినా సరే."

ముద్రమ్మ చెప్పింది. తను ఎక్కలేదనీ, ఆఫీసులో ఎవరూ ఎక్కలేదనీ, అందరికీ తెలుసనీ చెప్పింది. కార్పొరేషన్ లాయరు లేచి, ఈవిడ ఉద్యోగం పోయిన కక్షతో మాట్లాడుతోందన్నాడు.

"కక్షయితే నా తప్పు నేనెందుకు చెప్పుకుంటానండీ?" అంది ఆవిడ.

జడ్జి ఆ మాట రాయించుకుని, మా సెక్షన్‌లో అందరినీ సంజాయిషీ అడిగాడు. సూపరింటెండెంటు అందరికీ ఒకే జవాబు టైపు చేయించాడు. వంతెన పాడైన సంగతి మాకు తెలియదు, రోజూ దాని మీదుగానే ఆఫీసుకి వచ్చేవాళ్లం అని. నేను సంతకం పెట్టాను. ఒక మనిషి మాట ఒకవైపు, నలుగురి మాట ఒకవైపు. దర్జీ భార్యకి పరిహారం ఇమ్మని, తప్పు ఫలానావారిదని తేల్చడానికి ఆధారాలు చాలవని కోర్టు తీర్పు రాసింది. ఆ పరిహారం కూడా ఇవ్వబోమని కార్పొరేషన్ పైకోర్టుకెళ్లింది. అది ఇంకా నడుస్తోంది.

ముద్రమ్మ ఇప్పుడు ఇంటి ముందు గదిలో కూర్చుని పేటలో వాళ్లకి అర్జీలు రాసిపెడుతోంది. దర్జీ భార్య వాయిదాలకి ఆవిడతో కలిసే వెళ్తుంది గానీ, ఇంతవరకు ఆ ఇంటి గడప తొక్కలేదు.

నేను మొన్ననే రిటైరయ్యాను. ఇదంతా ఇప్పుడు చెబుతున్నానంటే ధైర్యం వచ్చి కాదు, పింఛను కాగితం చేతికొచ్చి. వెళ్లి ముద్రమ్మకి కూడా చెప్పాను, రిజిస్టర్‌లో ఆ మూడు పద్దులూ రాసింది నేనేనని. తెలుసంది. నా చేతిరాత పోల్చుకోలేనా అంది. ఇదే సంగతి పైకోర్టుకి కాగితం మీద రాసిస్తావా అని అడిగింది.

"ఇంట్లో ఒక మాట అడిగి చెప్తానక్కా" అన్నాను.

ఆవిడ నా ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టి, బయట ఎవరో అర్జీ కోసం వచ్చి నిలబడ్డారని లేచి వెళ్లింది. అది జరిగి నాలుగు నెలలైంది. ఇంట్లో నేనింకా అడగలేదు.