దసరా బొట్టు పెట్టిన పెట్టె

మొన్న పదో తరగతి పిల్లలకి కాంతి పాఠం సిద్ధం చేసుకుంటూ కంప్యూటర్లో ఏదో వెతుకుతుంటే ఒక వ్యాసం కంటబడింది. మబ్బుల చుట్టుపక్కల గాలిలో ధూళి, పొగ దట్టంగా కనిపించడం వట్టి కంటి భ్రమ కాదనీ, అక్కడి తేమ తాగి రేణువులు ఉబ్బడం కూడా ఒక కారణమనీ ఇప్పుడు అందరూ ఒప్పుకున్న సంగతేనట. మొత్తం రెండుసార్లు చదివాను. ఆ రోజు పాఠం చెప్పలేదు, పిల్లలు సంతోషించారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను సరిగ్గా ఆ మాటే రుజువు చేయాలని తంటాలు పడ్డాను. ఉపగ్రహం పొద్దున పదిన్నర ప్రాంతంలో మన నెత్తిమీదుగా పోతూ గాలిలోని ధూళిని చూస్తుంది గానీ, మబ్బు దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. "మబ్బు పక్కన మెరిసేదంతా మబ్బు చిమ్మిన వెలుగేనమ్మా. కాదు ధూళి అంటావా, నేల మీంచి కొలిచి చూపించు" అన్నారు మా పీహెచ్‌డీ గైడుగారు. అప్పటికే నాకు రెండుసార్లు గడువు పొడిగించారు. కార్తీకం దాటితే ఫెలోషిప్పూ ఉండదు, పరికరమూ ఉండదు, నాలుగేళ్ళ చదువు గంగలో కలిసినట్టే. పేట్ బషీరాబాద్‌లో మా కాలనీవాళ్ళు అమ్మాయి ఏం చదువుతోందని అడిగితే మా అమ్మ "మబ్బులు" అని చెప్పి మాట మార్చేసేది.

పరికరమంటే ఇటుకంత పెట్టె, ముందు ఒక గాజు కన్ను. సూర్యుడికి గురిపెడితే వెలుగు ఎంత తగ్గి వచ్చిందో చూసి గాలిలో ధూళి ఎంతుందో అంకె చూపిస్తుంది. మా కాలనీ పక్క హైవే పొగకి దూరంగా ఉండాలని రోజూ మేడ్చల్‌లో బస్సు మారి శామీర్‌పేట చెరువు దగ్గరికి వెళ్ళేదాన్ని. చేపలు పట్టేవాళ్ళింటి అవ్వ ఒకావిడ తన డాబా ఎక్కనిచ్చింది. దసరా ముందు ఆకాశం తుడిచినట్టుండి అంకెలు చిన్నవిగా వచ్చాయి. పండక్కి బస్సుల్లో తొక్కిడి ఎక్కువని పెట్టెను అవ్వ దగ్గరే ఉంచి ఇంటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా మొర ఆలకించినట్టు తునకలు తునకలుగా తెల్లమబ్బులు. వాటి సందుల్లోంచి రోజూ సూర్యుడు దొరికాడు, నా మాటే నిజమన్నట్టు అంకెలు అమాంతం ఎగబాకాయి. గైడుగారు మొట్టమొదటిసారి నన్ను కూర్చోమన్నారు.

గడువు వారం ఉందనగా మళ్ళీ మబ్బన్నదే లేని ఉదయం వచ్చింది. కొలిచాను. అంకె దిగలేదు. మళ్ళీ కొలిచాను, మళ్ళీ. పెట్టెను వాలుగా పట్టి చూస్తే గాజు మీద పలచటి పసుప్పచ్చ పొర.

"అవ్వా, దీన్నేమైనా చేశావా?"

"ఏం జేస్త బిడ్డా? దసరనాడు వలకు, కత్తికి బొట్టు వెట్టిన. గిది నీ పనిముట్టు గద, దీన్ని ఇడిసిపెడ్తనా? గా కన్నుకు గూడ పసుపు రాసి బొట్టు వెట్టిన. తెల్లారి కొంగుతోని మంచిగ తుడిసిన."

రోజూ గాజు తుడవాలన్నది మాకు నేర్పే మొదటి పాఠం. మబ్బులు జరిగిపోతాయన్న కంగారులో నేను తుడవలేదు. తప్పు అవ్వది కాదు, అయినా ఆ క్షణాన ఆవిడ మీద అరవాలనిపించింది, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. గాజు తుడిచి చూస్తే అంకె చప్పున దిగిపోయింది. నేను కనిపెట్టానని మురిసిపోయినదంతా పసుపే.

ఈ సంగతి గైడుగారికి తెలియదు. నోరు మూసుకుంటే డాక్టరేటు. మేడ్చల్ దాకా చెప్పకూడదనుకున్నాను, మేడ్చల్ నుంచి చెప్పాలనుకున్నాను, ఇల్లు చేరాక అమ్మ ముఖం చూసి వద్దనుకున్నాను. మర్నాడు ఆయన గదిలో నిలబడి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. కాగితాల మీద అడ్డంగా గీత గీసి, "ఇంకొక్క నెల ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. మిగిలిన వారమంతా డాబా మీద నిలబడి మబ్బు కోసం ఏడ్చినంత పనిచేశాను. ఒక్కటీ రాలేదు.

ఆఖరి రోజు పెట్టె సర్దుకుంటుంటే అవ్వ అడిగింది. "మంచిగొచ్చినయా బిడ్డా నీ లెక్కలు?"

"వచ్చాయవ్వా."

"రాకుంటెట్లుంటయ్? నేను గంతగనం మొక్కితి."

తల ఊపి మెట్లు దిగిపోయాను. ఆనాడు నాకు కావలసింది ఒకే ఒక్క నెల. ఆ తరువాత బతుకులో నెలలకేం కొదవ, మబ్బులకేం కొదవ. ఆ పనికి మాత్రం ఒక్కటీ మిగల్లేదు.